ఇటుకల మీది పంచాంగం

సిరోంచ తహసీలు కచేరి ఎదుట
రేకుల చాయ్ డబ్బా పక్కన
ఓదెలు కాక టేబులుకు మూడు కాళ్లే.
నాలుగో కాలి చోట రెండు ఇటుకలు,
వాటి మీద ఎప్పటిదో పంచాంగం.
నాది తొమ్మిదో తరగతి. సెలవుల్లో
కార్బన్ కాగితాలు సర్ది ఇచ్చేదాన్ని,
రోజుకు పది రూపాయలు, ఒక కట్ చాయ్.

ప్రాణహిత పొంగి తీసిన వారం.
అంకీస దిక్కు నుంచి, ఆసరెల్లి దిక్కు నుంచి
తడి ఆరని సాత్‌బారాలు పట్టుకొని
తెలుగులో ఏడుస్తూ వచ్చేవాళ్లు.
కాక మరాఠీలో రాసేవాడు.
అక్షరాలు తలగీతకు వేలాడేవి
దండెం మీది తడి బట్టల్లా.

వాళ్లు చాయ్‌కి లేచాక నాతో అనేవాడు:
"పోయింది ముందుగాల చెప్పొద్దు బిడ్డా.
పొద్దటి నుంచి సాయెబు నలభై పోయినయి చదివిండు.
లెక్క రాయి. లెక్కల వాని కన్ను నిద్రవోతది.
అప్పుడు అన్నంల రాయి పెట్టు."

ఇంకోటి కూడా.
మరాఠీలోనూ మనలాగే క్రియ చివరికే వస్తుంది కదా,
ఉందో పోయిందో తేలేదాకా
సాయెబు కుర్చీలోంచి లేవలేడట.
ఆ మాట చెప్పి బీడీ వెలిగించుకొని నవ్వేవాడు.

జాడి బానక్క అర్జీ నాకింకా నోటికొచ్చు.

మట్టిగోడ ఒకటి, పన్నెండు అడుగులు.
జొన్నలు రెండు కుండలు.
పెసర విత్తనం, సంచీతో సహా.
బర్రె ఒకటి, పేరు గౌరి, అయిదు నెలల చూడిది.
పిల్లగాని చెప్పులు ఒక జత, దొరికినవి.



అంతే. కింద జానెడు తెల్లకాగితం, చివర్న వేలిముద్ర.
"నా కొడుకు పేరు ఏడ రాసినవ్?" అందామె.
చదువు రాదు. కాక ఆ ఖాళీ జాగా చూపించాడు.
మరకేదో ఉందనుకున్నట్టు
ఆమె దాన్ని కొంగుతో తుడిచింది.
ఆ రోజు నేను కాకతో మాట్లాడలేదు.

అర్జీ తిరిగొచ్చింది.
అంచున ఎర్రసిరా: మృతుని పేరు లేదు, సరిచేసి పంపవలెను.
బానక్క మళ్లీ రెండు బస్సులు మారి వచ్చింది.
ఈసారి మొదటి వరుసలోనే రాశాడు,
కుమారుడు రాజం, వయసు ఆరు.
అయితే, తిరిగొచ్చిన కాగితం మీద నాలుగు మడతలున్నాయి.
కచేరిలో అర్జీలు ఎవరూ మడవరు, దారంతో కుడతారు.
ఎవరో దాన్ని జేబులో పెట్టుకొని ఇంటిదాకా పోయారు.
కాక ఆ మడతల మీద వేలు నడిపి
ఏమీ అనలేదు.

ఇప్పుడు నేను కథలు రాస్తాను.
ఎక్కడ వరుస తుంచాలో, పేరు ఎంతసేపు దాచాలో,
బర్రెకు పేరు పెట్టి మనిషికి ఎందుకు పెట్టకూడదో తెలుసు.
ఒక్కోసారి చదివినవాళ్లు ఫోన్ చేసి ఏడుస్తారు.
జానెడు ఖాళీ వదిలిన చోటే ఏడుస్తారు.
అప్పుడు నాకు కొంగు గుర్తొస్తుంది.

కాక పోయాక టేబులు ఎత్తితే
పంచాంగంలో ఒక కాగితం.
ఎవరికి రాశాడో లేదు, తేదీ లేదు, అంచు వదల్లేదు.
తెలుగులో ఉంది, ఆ కచేరిలో ఎవరికీ రాని లిపిలో.
లెక్క లేదు, రాయి లేదు, చుక్క లేదు.
ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియక
చదివిన ప్రతిసారీ నేను వేరే చోట ఆగుతాను.
క్రియ కోసం వెనక కూడా తిప్పి చూశాను.

లచ్చుబాయి నిన్న పొద్దుగాల కూడ నీళ్లు తోడి నా అంగీ ఉతికి దండెం మీద ఏసి నన్ను పిలిచి లచ్చుబాయి ఆ అంగీ ఇంక తడిగనే ఉన్నది లచ్చుబాయి